ఆటపాక పక్షుల కేంద్రం: పక్షులకు ఐదు స్టార్లు, నీటికి ఒకటి

కైకలూరు పక్కన, కొల్లేరు ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: వెళ్లండి. చలికాలంలో, పొద్దున్నే, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్లండి. నేలపట్టు, ఉప్పలపాడు చూసొచ్చిన వాళ్లకి కూడా ఇక్కడి పడవ షికారు కొత్తగానే ఉంటుంది. గూడబాతు (పెలికాన్) మీ తల మీదుగా ఎగిరి వెళ్తుంటే రెక్కల చప్పుడు వినిపిస్తుంది.

అయితే ఈ రివ్యూలో సగం పక్షుల గురించి, సగం పడవ కింద నీళ్ల గురించి రాస్తాను. నా ఉద్యోగం అలాంటిది. ఆకివీడు వైపు ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. చేపల రైతులు, రొయ్యల రైతులు వాటర్ బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకొస్తే పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ చూసి కాగితం మీద రాసిస్తాం. తెల్లారి లేస్తే నా ఎదురుగా ఉండేవి ఆకుపచ్చ నీళ్ల సీసాలే. అలాంటిదాన్ని షికారుకని పడవెక్కిస్తే మాత్రం కళ్లు ఊరుకుంటాయా.

ముందు వెళ్లే దారి. కైకలూరు గుడివాడ–భీమవరం రైలు మార్గంలో ఉంది. స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే ఆటపాక దగ్గరే. ఏలూరు నుంచి వచ్చేవాళ్లకి కొల్లేరు మధ్యగా రోడ్డుంది, ఆ ప్రయాణం కూడా చూడదగ్గదే. వానాకాలంలో వాగులు పొంగితే రోడ్డు మీదకి నీళ్లొస్తాయి, కనుక్కుని బయల్దేరండి. గూళ్ల కాలం అక్టోబరులో మొదలై మార్చి దాకా ఉంటుంది. ఎండాకాలంలో వచ్చి 'ఏమీ లేవు' అని ఒక స్టార్ ఇచ్చి పోయే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్షులు మన సెలవులు చూసుకుని రావు కదా.

ఈసారి హైదరాబాదు నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి, వదిన, వాళ్ల పాప వచ్చారు. పొద్దున మంచు విడవకముందే పడవెక్కాం. పడవ నడిపే అతను నెమ్మదస్తుడు. గూళ్ల దగ్గరకి వచ్చేసరికి చప్పుడు చేయకుండా పక్కకి తిప్పుతాడు, 'లేచి నిలబడకండమ్మా, బెదురుతాయి' అని పాపకి అర్థమయ్యేట్టు చెప్తాడు. పక్షుల మీదకి పడవ తోలి ఫొటోలు తీయించే రకం కాదు. ఆ ఒక్క విషయానికే నేను పూర్తి మార్కులు వేస్తాను.

గూడబాతుని దగ్గర నుంచి చూస్తే మొదట కనబడేది దాని పై ముక్కు అంచున వరసగా ఉండే నల్లటి చుక్కలు. కింద ముక్కుకి వేలాడే సంచి. పిల్ల ఆకలేసినప్పుడు తల్లి సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది. మా పాప 'అత్తా, అది పిల్లని మింగేస్తోంది' అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల అరగదీసి ఉంచిన చేప తింటోందని చెప్తే నమ్మడానికి కాసేపు పట్టింది. చెట్లు ఎండిపోయిన చోట అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పాతించింది. పక్షులు వాటి మీద పుల్లలు పేర్చుకుని గూళ్లు కట్టుకున్నాయి. ఇనుము అని వాటికేం పట్టింపు లేనట్టుంది, స్టాండుకి నాలుగు కాపురాలు. ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు కూడా ఉన్నాయి గానీ ఇక్కడ రాజ్యం గూడబాతులదే. వాచ్ టవర్ ఎక్కితే మొత్తం కనిపిస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి.

ఇక నీళ్లు.

పడవ బయల్దేరిన కాసేపటికే వదిన ముక్కు చిట్లించింది. 'ఏంటమ్మాయ్ ఈ వాసన, ఎక్కడైనా డ్రైనేజీ కలుస్తోందా?' సగం రెట్ట వాసన వదినా అన్నాను. మిగతా సగం గురించి అప్పుడు చెప్పలేదు, షికారు పాడుచేయడం ఎందుకని. కొంచెం ముందుకెళ్తే గుర్రపు డెక్క. ఊదారంగు పూలు, పొద్దుటి ఎండలో నిజంగానే బాగుంటాయి. వదిన వంగి ఒక పువ్వు కోసి, 'మా బాల్కనీలో తొట్టిలో వేసుకోవచ్చా?' అంది. 'ఒక్క మొక్క చాలు, ఎండాకాలానికి మీ అపార్టుమెంటు సంపు నిండిపోతుంది' అన్నాను. తిండి దొరికితే గుర్రపు డెక్క రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. కొల్లేరులో దానికి తిండికి లోటు లేదు. అన్నయ్య పడవతన్ని అడిగాడు, దీన్ని తీయించరా అని. 'తీస్తారండి. తీసింది గట్టున వేస్తారు, వానలకి మళ్లీ అందులోకే జారుద్ది. దాన్ని గెంటుకుంటా పోవడమే మా పని' అన్నాడు.

అతను చెప్పింది కరెక్టు. గుర్రపు డెక్క నీటిలో ఉన్న భాస్వరం, నత్రజని పీల్చుకుని పెరుగుతుంది. దాన్ని తీసి దూరంగా తోలించి కంపోస్టు చేస్తే ఆ భాస్వరం కొల్లేరులోంచి బయటికి పోయినట్టు. గట్టున కుప్ప పోసి కుళ్లనిస్తే ఊడ్చిన చెత్త మళ్లీ ఇంట్లోకి ఎత్తిపోసుకున్నట్టు. తీయించడానికి డబ్బు ఖర్చయింది, భాస్వరం మాత్రం ఎక్కడికీ పోలేదు.

నీరు కదలని ఒక మూల మీద పసరు తేలుతూ ఉంది. చెయ్యి ముంచి తీస్తే వేళ్ల మధ్య సన్నటి ఆకుపచ్చ నలుసులు. మా రైతులు దీన్ని చూడగానే 'బ్లూమ్ పట్టింది' అంటారు. నీలి ఆకుపచ్చ నాచు. సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేసి అంకె ఇక్కడ రాయొచ్చు గానీ రాయను. ఒక రోజు, ఒక మూల తీసిన నమూనాతో ఏ నీటి మీదా తీర్పు చెప్పకూడదు, మా పనిలో మొదట నేర్పేది అదే. నేను చెప్పదలుచుకున్నది కూడా దీని గురించే: ఎప్పటికప్పుడు, సరైన చోట, ఎవరో ఒకరు కొలవాలి. ఆ పని ప్రభుత్వానిది.

భాస్వరం సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు మాకు ఒక ఫొటో చూపించారు. 1973లో కెనడాలో ఒక చిన్న సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా కలిపారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో భాస్వరం పడ్డ సగం పచ్చగా, పక్క సగం మామూలుగా ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికా, కెనడాల్లో సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ మీద ప్రభుత్వాలు ఆంక్షలు పెడుతున్నాయి. నాచు పట్టేది భాస్వరం వల్ల కాదని సబ్బుపొడి కంపెనీలు వాదిస్తుంటే ఈ ఫొటో వాళ్ల నోరు మూయించింది. నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాల్లో నత్రజనిని తామే పట్టుకోగలవు. భాస్వరం గాల్లోంచి అలా రాదు, ఎవరో తెచ్చి పోయాలి. పోసింది ఆవిరై కూడా పోదు. అడుగు బురదలో కూర్చుంటుంది. అడుగున ఆక్సిజన్ తగ్గినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. అందుకే ఇవాళ పోయడం ఆపినా సరస్సు తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఎవరు పోస్తున్నారు? మావాళ్లే. దాచేదేం లేదు.

కొల్లేరు చుట్టూ ఎటు చూసినా చెరువులే. చెరువు కట్టిన రైతు మొదట చేసే పని నీటికి రంగు తెప్పించడం. ఆకుపచ్చ రంగు వస్తే ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే కంటికి కనబడనంత చిన్న జీవాలు ఉన్నట్టు, బొచ్చె, శీలావతి పిల్లలకి తిండి ఉన్నట్టు. ఆ రంగు కోసం సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ, యూరియా, కోళ్ల ఎరువు వేస్తారు. తరవాత మేత. చిల్లుల సంచుల్లో తవుడు, చెక్క నింపి చెరువులో పాతిన బొంగులకి వరసగా వేలాడదీస్తారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకుని తింటాయి. సాయంత్రానికి సంచులు ఖాళీ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఈ పద్ధతి కనిపెట్టింది మన రైతులేనని మా వాళ్లకి గర్వం కూడా. తిన్నదంతా చేప ఒంటికి పట్టదు. మిగిలింది నీటిలో, బురదలో.

50 కిలోల డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది చూడండి. ఆ 46 అంటే ఫాస్ఫేట్ లెక్క. అసలు భాస్వరంగా మార్చి చూస్తే బస్తాకి 10 కిలోలు. ఒక్క కిలో భాస్వరం వందల కిలోల పచ్చి నాచుని పెంచగలదు. ఈ బస్తా రైతుకి 1,350 రూపాయలకి వస్తోంది, మిగతాది కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. అంటే చెరువులోకి వెళ్లే భాస్వరంలో కొంత జనం పన్నుల డబ్బే. సబ్సిడీ ఎరువు అమ్మేటప్పుడు డీలరు ఈ-పాస్ మెషిన్‌లో రైతు వేలిముద్ర తీసుకుంటాడు. ఎవరు ఎన్ని బస్తాలు కొన్నారో లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. కొల్లేటి చుట్టూ మండలాల లెక్క విడిగా తీసి చూడడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక అధికారి ఒక పూట కూర్చుంటే చాలు.

ఒక తమాషా కూడా చెప్పాలి. గూడబాతులు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు మింగి వచ్చి గూటి దగ్గర రెట్ట వేస్తాయి. మా రైతు వేసిన డీఏపీ ప్లాంక్టన్ అయి, చేప అయి, పక్షి కడుపులోంచి తిరిగి ఆటపాక నీటిలోకే చేరుతోంది. పక్షులదీ కాస్త వాటా ఉందని ఒప్పుకోవాలి మరి. వాటి రెట్ట ఈనాటిది కాదు, కొల్లేరు ఎప్పటినుంచో దాన్ని అరాయించుకుంటూనే ఉంది. కిక్కిస, జమ్ము, తుంగ అడవిలా ఉన్నప్పుడు మురుగు వాటిలోంచి వడగట్టుకుని పోయేది. ఇప్పుడా కిక్కిస చోట చెరువు గట్లున్నాయి.

మా ల్యాబ్‌లో కూర్చుంటే ఒక సంగతి బాగా తెలుస్తుంది. రైతు చెరువు లోపలి నీటికి చేయించని పరీక్ష లేదు. మబ్బు పట్టిన రోజైతే మరీ టెన్షన్, తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్లు మొదలు. 'మేడం గారూ, చేప తల పైకెత్తుతోందండి, డీఓ ఎంత ఉందో చూడాలి' అని. డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది, బ్లూమ్ ఎక్కువైతే తెల్లారేసరికి చేపకి ఊపిరాడదు. లక్షలు పెట్టిన సరుకు, కంగారు ఉండదా. కానీ పట్టుబడి, అంటే చేపలు పట్టడం అయ్యాక తూము ఎత్తి చెరువు ఖాళీ చేసే రోజు, ఆ వదిలే నీళ్లు సీసాలో పట్టుకొచ్చి పరీక్ష చేయమన్న రైతుని నేను చూడలేదు. ఒకాయన్ని అడిగాను, బాబాయ్ గారూ బయటికి పోయే నీళ్లు కూడా ఒకసారి చూద్దామా అని. 'అదెందుకమ్మా, గట్టు దాటాక అది నా నీరు కాదు కదా' అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లకాయల ఫీజులు, లీజు, మేత బాకీ అన్నీ ఆ చెరువు మీదే. ఎవరూ అడగని పరీక్షకి సొంత డబ్బు పెట్టమంటే ఎవరు పెడతారు?

అడగాల్సింది ప్రభుత్వం. అడిగే హక్కే కాదు, బాధ్యత కూడా ఉంది. 1970లలో సొసైటీలు పెట్టించి లంక గ్రామాల వాళ్ల చేత చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. 1999లో +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించిందీ ప్రభుత్వమే. 2002లో రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో 901 చదరపు కిలోమీటర్లకి చోటు తెచ్చుకున్నాం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లు పేల్చారు. 2008లో శాసనసభ +5ని +3కి తగ్గించమని తీర్మానం చేసింది. పేల్చిన చోట చాలావరకు గట్లు మళ్లీ లేచాయి. అప్పటినుంచి మా వైపు ఏ ఎన్నికల మీటింగ్ చూసినా కాంటూరు గొడవే. గీత ఎక్కడ ఉండాలి, ఎవరి జిరాయితీ లోపల, ఎవరిది బయట, పరిహారం ఎవరిస్తారు. ఆ వాదనలు కొల్లేటి చాంతాడే, తెగవు.

పరిహారం గొడవ అబద్ధం అనను. పట్టా ఉన్న చిన్న రైతుకి అన్యాయం జరగకూడదు. కానీ నీటి వైపు నుంచి చూస్తే ఈ కాంటూరు వాదనలో అసలు విషయం పక్కకి పోయింది. గీత +5లో ఉన్నా +3లో ఉన్నా దాని బయట ఉన్న చెరువుల నీళ్లు కూడా డ్రెయిన్లలో పడి కొల్లేరులోకే వస్తాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చేదీ ఇక్కడికే. ఊళ్ల మురుగు అదనం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు టీవీల ముందు కూర్చున్న వాళ్లందరికీ తెలిసింది, ఆ నీటి చివరి మజిలీ కొల్లేరని. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. వచ్చేవి అన్ని, పోయేది ఒక్కటి. అది కూడా పూడికతో, గుర్రపు డెక్కతో ఇరుకై ఉంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర డెక్క పేరుకుని నీరు ఆగిపోవడం వరదలప్పుడల్లా వింటూనే ఉంటాం.

అందుకని సరస్సు లోపల ఎంత శుభ్రం చేసినా లాభం తక్కువ. పట్టుకోవాల్సింది డ్రెయిన్ మూతి దగ్గర. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవకగా చేయగలిగింది ఒకటుంది, చెరువు అడుగున చివరికి మిగిలే నీళ్ల సంగతి. పట్టుబడి రోజు పైన ఉన్న నీరు కొంత నయం. వలలు లాగి, మనుషులు దిగి తొక్కాక అడుగున మిగిలే నీరు బురదతో చిక్కగా ఉంటుంది, భాస్వరం దట్టంగా ఉండేది అందులోనే. అడుగున మిగిలిన ఆ నీటిని తూము ఎత్తి వదిలేయకుండా కొన్ని రోజులు నిలబెట్టి, బురద దిగాక వదలమనాలి. లేదా పక్క చెరువులోకి తోడుకోమనాలి. బురదని డ్రెయిన్‌లోకి కాకుండా వరి చేలోకి, కొబ్బరి తోటకి తోలించాలి. అది మంచి ఎరువు, డీఏపీ ఖర్చు కూడా కలిసొస్తుంది. పెద్ద కంపెనీలు, పెద్ద లీజుదార్లు అయితే తమ విస్తీర్ణంలో కొంత భాగం జమ్ము, తుంగ పెంచే మడుగుగా వదిలి, నీళ్లు దానిలోంచి పంపాలని షరతు పెట్టొచ్చు. తీరప్రాంతపు రొయ్యల చెరువులకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల్లో 5 హెక్టార్లు దాటితే వదిలే నీటికి శుద్ధి ఏర్పాటు ఉండాలని ఉంది. ఉప్పునీటి రొయ్యకి ఉన్న ఆ షరతు రామ్‌సార్ సరస్సు పక్కన మంచినీటి చేపకి ఎందుకు గట్టిగా పెట్టకూడదో నాకు అర్థం కాదు. రాష్ట్రంలో 2020 చట్టంతో ఆక్వాకల్చర్ అథారిటీ కూడా వచ్చింది. లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ మాట రాయించుకోవచ్చు.

పట్టణాల మురుగు గురించి రైతులు ఎత్తిపొడుస్తుంటారు, మమ్మల్నే అంటారేం అని. వాళ్ల మాటలో న్యాయం ఉంది. 2017లో కేంద్రం మురుగు శుద్ధి కేంద్రాలకి ఇచ్చిన ప్రమాణాల్లో పీహెచ్, బీఓడీ (కుళ్లే మలినం), టీఎస్‌ఎస్ (నీటిలో తేలే నలుసులు), ఫీకల్ కోలిఫాం (మలంలోని బ్యాక్టీరియా) ఉన్నాయి. భాస్వరం లేదు. అంటే ఆ ప్రమాణాల ప్రకారం శుద్ధి చేసిన నీళ్లు కూడా నాచుకి తిండి పెట్టొచ్చు. కొల్లేరులోకి నీళ్లు వదిలే ప్రతి పట్టణానికీ రాష్ట్రమే భాస్వరం పరిమితి పెట్టాలి. రైతుకి ఒక రూలు, మున్సిపాలిటీకి ఒక రూలు అంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు (నీటిని ఆపే గేట్లు) కడితే అంతా బాగుపడుతుందని నమ్మేవాళ్లున్నారు. సముద్రపు ఉప్పు పైకి రాకుండా ఆపడానికి, ఎండాకాలం నీరు నిలబెట్టడానికి అవి పనికొస్తాయి. కానీ లోపలికి వచ్చే భాస్వరం తగ్గించకుండా నీటిని మాత్రం నిలబెడితే పసరు ఇంకా చిక్కబడుతుంది. ముందు ఉప్పుటేరు పూడిక తీయాలి, డ్రెయిన్ల దగ్గర కొలతలు మొదలుపెట్టాలి. గేట్లు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది నీటి లెక్కలు చూసి నిర్ణయించాలి గానీ, ఫోన్ చేసి గట్టిగా అరిచిన వాళ్లని చూసి కాదు.

ఇదంతా జరిగే పనేనా అని అన్నయ్య నవ్వాడు. పక్క రాష్ట్రంలో జరిగింది అన్నాను. చిలికా సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, మాంట్రూ రికార్డు అంటారు. చిలికా కోసం ఒడిశా అప్పటికే ప్రత్యేకంగా ఒక అథారిటీ పెట్టి ఉంది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. చేపల దిగుబడి పెరిగింది, కలుపు తగ్గింది, 2002లో ఆ జాబితాలోంచి బయటికొచ్చింది. చిలికా జబ్బు వేరు, అక్కడ ఉప్పు తగ్గిపోవడం, పూడిక. కొల్లేరుకి అదే మందు పనిచేయదు. నేను చూడమనేది ఒక సరస్సుకి ఒక ఆఫీసు, ఒక బాధ్యుడు, ఏడాది పొడవునా కొలతలు ఉండడం. ఇక్కడ పక్షులు అటవీ శాఖవి, చేపలు మత్స్యశాఖవి, డ్రెయిన్లు ఇరిగేషన్ వాళ్లవి, మురుగు మున్సిపాలిటీలది, నమూనాలు కాలుష్య నియంత్రణ మండలివి. భాస్వరం ఎవరిదో ఎవరినడిగినా చెప్పలేరు.

సరే, మళ్లీ షికారుకొద్దాం. పడవ దిగాక ఆకలేస్తే కైకలూరులో మెస్సులకి కొదవలేదు. మేం తిన్న చోట శీలావతి వేపుడు, రొయ్యల ఇగురు బాగున్నాయి, పులుసు మాత్రం కారం ఎక్కువ. కొర్రమీను అడిగితే చెరువుదే వచ్చింది, కొల్లేటి కొర్రమీను కావాలంటే తెలిసిన వాళ్ల ద్వారా లంక గ్రామాల్లో కనుక్కోవాలి. టైముంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లిరండి. ఫాల్గుణంలో జాతర, జనం ఇసకేస్తే రాలరు, అప్పుడు ఆటపాక ప్రోగ్రాం పెట్టుకోకండి. పెద్దవాళ్లు ఉంటే పడవ దగ్గర చెయ్యి పట్టుకుని ఎక్కించండి. నీటిలో చేతులు ముంచి ఆడుకోవద్దని పిల్లలకి చెప్పండి, ముంచితే సబ్బుతో కడిగించండి. ప్లాస్టిక్ కవర్లు మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.

పక్షులకి 5. పడవకి, నడిపినతనికి 5. వాచ్ టవర్‌కి 4, మెట్లెక్కలేని మా అమ్మలాంటి వాళ్లకి కింద కూడా ఒక చూసే చోటు ఉంటే 5 ఇచ్చేదాన్ని. నీటికి 1. ఆ 1 కూడా, ఇంకా పక్షులు దిగుతున్నాయి కాబట్టి.

మా ల్యాబ్‌కి గిరాకీ కోసం రాస్తోందని అనుకునేవాళ్లు ఉంటారు, ఊరివాళ్లని నాకు తెలియదా. అనుకోండి. ఆకివీడు, కైకలూరు, భీమవరం నిండా ఇలాంటి ల్యాబులు వీధికొకటి ఉన్నాయి. కిట్లున్నాయి, పని తెలిసిన పిల్లలున్నారు. తూము ఎత్తే ముందు నీళ్ల పరీక్ష తప్పనిసరి అని ఒక ఉత్తర్వు ఇచ్చి, ఆ ఖర్చు చిన్న రైతుకి ప్రభుత్వమే పెట్టుకుంటే వచ్చే పట్టుబడి నుంచే మొదలుపెట్టొచ్చు. ప్రైవేటు ల్యాబుల మీద నమ్మకం లేకపోతే మత్స్యశాఖే తన మనుషులతో చేయించుకోమనండి, మాకేం అభ్యంతరం లేదు. ఫలితాలు మాత్రం పంచాయతీ బోర్డు మీద, ఏ డ్రెయిన్‌లో ఎంత అని, అందరికీ కనబడేలా రాయించాలి.